ఒకే చాప మీద: పల్నాటి చాపకూడు, మన తరగతి గది

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరిచి పేర్లు పిలుస్తాడు. పిల్లలు ఒక్కొక్కరే పలుకుతారు. పది రోజులు గడిచేసరికి అందరికీ అందరి పేర్లూ తెలిసిపోతాయి. కానీ పేరు తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు. తండా నుంచి వచ్చిన అమ్మాయి, చెంచుగూడెం నుంచి వచ్చిన అబ్బాయి, ఊళ్లోని రైతుబిడ్డ ఒకే గదిలో ఐదేళ్లు చదువుతారు. ఒకరి గడప మరొకరు తొక్కకుండానే పదో తరగతి పూర్తి చేస్తారు. పక్కపక్కన కూర్చున్నా వాళ్ల మధ్య ఊరికీ తండాకూ ఉన్నంత దూరం అలాగే మిగిలిపోతుంది.

ఈ దూరాన్ని తగ్గించడం ఎలా అని అడిగితే మన పల్నాటి చరిత్ర రెండు పాఠాలు చెబుతుంది. ఒకటి, మనుషుల్ని ఒకే చాప మీద కూర్చోబెట్టిన పాఠం. రెండోది, మనుషుల్ని ఒక రిజిస్టరులోకి ఎక్కించి వేరుచేసిన పాఠం. గిరిజన యువతకూ మన పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులకూ ఈ రెండూ తెలిసి ఉండాలి.

చాపకూడు

పన్నెండో శతాబ్దంలో పల్నాడు రెండుగా చీలింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. గురజాల పక్షాన మంత్రిగా నాగమ్మ, మాచర్ల పక్షాన మంత్రిగా బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం వారు ఏడేళ్లు వలస పోవడం, తిరిగి వచ్చి రాజ్యభాగం అడగడం, రాయబారానికి వెళ్లిన అలరాజు విషప్రయోగంతో మరణించడం, చివరికి నాగులేటి ఒడ్డున కారంపూడిలో యుద్ధం జరగడం పల్నాటి పిల్లలందరికీ తెలిసిన కథే.

ఆ కథలో యుద్ధం కన్నా పెద్ద సంగతి చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, అందరికీ ఒకే కూడు పెట్టించాడని ఈ ప్రాంతం చెప్పుకుంటుంది. అంటరానివాడని ఊరు దూరం పెట్టిన మాల కన్నమదాసును ఆయన కొడుకుగా చేరదీశాడు, సేనాపతిని చేశాడు. మనిషిని మనిషి ముట్టుకుంటే మైల అనుకునే కాలంలో ఇది చిన్న పని కాదు. అప్పట్లో ఎవరితో కలిసి తింటావన్నదే నువ్వెవరివో చెప్పేది. ఆ కట్టుబాటు మీదే చాపకూడు దెబ్బ కొట్టింది.

ఇది మనకు శాసనం ద్వారా కాక, కథ ద్వారా అందిన చరిత్ర అని గుర్తుంచుకోవాలి. యుద్ధం జరిగిన రెండున్నర శతాబ్దాల తర్వాత శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాశాడని చెబుతారు. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. అంతకన్నా ముందు నుంచీ, ఆ తర్వాత కూడా ఈ కథను గొంతులో దాచుకుని బతికించినవారు వీరవిద్యావంతులు. వారు దళితులు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ ఈ మౌఖిక కథను వారిలో ఒకరైన అలిసెట్టి గాలెయ్య నోట విని నమోదు చేసుకున్నాడు. దాని మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1982లో వెలువడింది. చాప మీద చోటు దొరికిన వాళ్లే ఆ చాప కథను ఎనిమిది వందల ఏళ్లు మోసుకొచ్చారు. తమను కలుపుకున్న చరిత్రను ఏ జనమైనా అలాగే కాపాడుకుంటుంది.

బాలచంద్రుడి తోడువాళ్లు

ఈ కథలో పిల్లల సంగతి కూడా ఉంది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. అతని తోడువాళ్లలో బ్రాహ్మణుడైన అనపోతుతో పాటు కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి కులాల పిల్లలు ఉన్నారు. కలిసి బొంగరాలాడారు, కలిసి తిన్నారు, చివరికి కలిసి కారంపూడికి నడిచారు. వాళ్లను ఎవరూ ఉపన్యాసం చెప్పి కలపలేదు. ఆటా తిండీ కలిపాయి.

అయితే కథ అక్కడితో ఆగదు. యుద్ధానికి పోయే దారిలో బాలచంద్రుడు ఒక సాకు చెప్పి అనపోతును వెనక్కి పంపిస్తాడు. బ్రాహ్మణుడు యుద్ధంలో చస్తే పాపం తగులుతుందని అతని భయం. నిజం తెలుసుకున్న అనపోతు ఆ ఎడబాటు తట్టుకోలేక ప్రాణం తీసుకుంటాడు. కథ వినేవారు ఇక్కడ కన్నీళ్లు పెట్టుకుంటారు. మనం మాత్రం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఒకే చాప మీద తిన్న స్నేహితుల మధ్య కూడా ఆఖరి ఘడియలో కులం మళ్లీ లేచి నిలబడింది. అనపోతును బాలచంద్రుడు ప్రేమతోనే పంపాడు. కానీ ఆ క్షణాన అతనికి కనపడింది తన తోడువాడు కాదు, ఒక బ్రాహ్మణుడు. చాప వేయడం మొదటి మెట్టే. ఎదుటివాణ్ణి అతని కులంగా కాక అతనిగా చూడడం రెండో మెట్టు.

ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు జరుగుతాయి. మందపోరు నాడు చాపకూడును తలుచుకుని అందరూ కలిసి భోంచేస్తారు. ఏడాదికి ఒక రోజు జరిగే ఆ పనిని బడి రోజూ చేయగలదు.

రెండో రిజిస్టరు

ఇప్పుడు రెండో పాఠం. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిలో అమలైన ఆ చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఒక జాతిని ప్రభుత్వం నేరస్థ జాతి అని ప్రకటిస్తే చాలు, ఆ జాతిలో పుట్టిన వారి పేర్లు రిజిస్టరుకెక్కేవి. వేలిముద్రలు తీసుకునేవారు. ఊరు విడిచి వెళ్లాలంటే అనుమతి కావాలి. పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి. నేరం చేశాడా లేదా అన్న విచారణ లేదు, పుట్టుకే నేరం.

మన ప్రాంతంలో ఈ చట్టం బరువు ఎక్కువగా మోసినవారు ఎరుకలవారు. యానాదుల్లో, సుగాలీల్లో కూడా కొన్ని గుంపులను ఈ జాబితాలోకి ఎక్కించారు. అప్పటి గుంటూరు జిల్లాలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు 1913లో ఏర్పడింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో మరో సెటిల్‌మెంటు ఉండేది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక పాఠశాలల్లో ఉంచే అధికారం కూడా 1911 చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది.

అంతకుముందు ఈ జనం ఏం చేసేవారు? ఎరుకలవారు గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకెళ్లి ఊరూరా అమ్మేవారు. బుట్టలు, తట్టలు అల్లేవారు. ఆడవాళ్లు సోది చెప్పేవారు. సుగాలీలు ఎడ్ల వీపున బస్తాలు వేసుకుని దేశం నాలుగు మూలలా సరుకు రవాణా చేసేవారు. రైలుబండి వచ్చాక ఆ వ్యాపారాలు దెబ్బతిన్నాయి. బతుకుదెరువు పోయి తిరిగే మనుషులను ప్రభుత్వం అనుమానంగా చూసింది. ఊరికి ఉప్పు తెచ్చిన మనిషే ఊరికి దొంగగా కనపడ్డాడు.

ఎరుక అంటే తెలుసుకోవడం. ఎరుక చెప్పే వారు కాబట్టి ఎరుకలవారన్న పేరు వచ్చిందని చెబుతారు. తెలుసుకోవడమే పేరుగా ఉన్న జనాన్ని తెలుసుకోవడానికి మాత్రం ఎవరూ ప్రయత్నించలేదు. రిజిస్టరులో రాసుకుని తెలిసిపోయిందనుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ ఈ చట్టాన్ని పరిశీలించి రద్దు చేయాలని చెప్పింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. చట్టం పోయింది గానీ ఆ మాట పోలేదు. తరగతిలో పెన్ను కనపడకపోతే మొదట ఎవరి సంచీ వెతుకుతారో మన పిల్లలకు తెలుసు. 1952లో మూసేసిన రిజిస్టరు కొన్ని తరగతి గదుల్లో ఇంకా తెరిచే ఉంది.

ఇది గిరిజన పిల్లలకు మాత్రమే జరిగిన సంగతి కాదు. ఇప్పటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా చదువుకునే రోజుల్లో కులం పేరుతో అవమానాలు పడ్డాడు. పక్కన కూర్చున్నవారికి అతని కులం తెలిసింది, అతనిలోని కవి తెలియలేదు. ఒక తరగతి తన మధ్య ఉన్న మనిషిని తెలుసుకోలేకపోతే నష్టపోయేది ఆ ఒక్కడే కాదు, తరగతి మొత్తం.

మనలో మనకు తెలుసా?

పల్నాడు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా అయింది. ఇక్కడ మన జనం ముఖ్యంగా నాలుగు సమూహాలు: సుగాలీలు, ఎరుకలవారు, యానాదులు, చెంచులు. ఊరివాళ్లకు మనం తెలియమని బాధపడతాం. నిజమే. కానీ మనలో ఒకరికొకరం ఎంత తెలుసు?

సుగాలీలకు తండా ఉంది, తమదైన గోర్ బోలి ఉంది. ఇంట్లో అమ్మను యాడి అని పిలిచి బడికొచ్చిన పిల్లకు అక్షరాలతో పాటు తెలుగు కూడా కొత్తగా నేర్చుకోవాల్సిన పని పడుతుంది. ఎరుకలవారి కుర్రు భాష తమిళానికి దగ్గరిది. పెద్దవాళ్లు మాట్లాడతారు, చాలామంది పిల్లలు నలుగురిలో మాట్లాడడానికి వెనకాడతారు. యానాదులు, చెంచులు తెలుగే మాట్లాడతారు, కానీ వారి యాసను ఎగతాళి చేసేవారున్నారు. యానాదులకు నీళ్ల గురించీ చేపల గురించీ మందుమొక్కల గురించీ తెలిసినంత పుస్తకాల్లో ఉండదు. నల్లమల అంచున ఉండే చెంచులకు తేనె తీయడం, గడ్డలు గుర్తుపట్టడం, అడవిలో దారి తప్పకుండా తిరగడం తాతల నాటి విద్య.

మన వసతి గృహాల్లో, గురుకులాల్లో ఈ నలుగురి పిల్లలూ ఒకే గదిలో పడుకుంటారు. అక్కడ కూడా ఎలుకలు పట్టేవాళ్లని యానాది పిల్లవాణ్ణి వెక్కిరించే సుగాలీ పిల్లలున్నారు. అడవి మనిషని చెంచు పిల్లను దూరం పెట్టేవాళ్లున్నారు. ఊరు మనకు చేసినదాన్నే మనం మనకన్నా తక్కువ మంది ఉన్నవారికి చేస్తే చాపకూడు గురించి మాట్లాడే హక్కు మనకుండదు. వరిపొలంలో ఎలుకలు పట్టి రైతు పంట కాపాడిన యానాది తాత కథ ఆ గదిలో ఒక్కసారి చెప్పి చూడండి, వెక్కిరింత దానంతటదే తగ్గుతుంది.

పక్కన కూర్చుంటే సరిపోదు

కలిపి కూర్చోబెడితే పిల్లలు వాళ్లే కలిసిపోతారని చాలామంది ఉపాధ్యాయులు అనుకుంటారు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1954లో దీని మీద ఒక పుస్తకం రాశాడు. వేర్వేరు సమూహాల మనుషులు ఎదురుపడినంత మాత్రాన దురభిప్రాయాలు పోవని ఆయన చెప్పాడు. అవి తగ్గాలంటే నాలుగు విషయాలు కుదరాలన్నాడు. ఆ చోట ఇద్దరి హోదా సమానంగా ఉండాలి. ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి. పోటీ పడకుండా కలిసి పని చేయాలి. పైనున్న పెద్దలు దాన్ని మనస్ఫూర్తిగా బలపరచాలి. చాపకూడును గుర్తు చేసుకుంటే ఈ నాలుగూ అందులో కనిపిస్తాయి. చాప మీద ఎత్తుపీట లేదు. బ్రహ్మనాయుడు గట్టు మీద నిలబడి మిగతావాళ్లను తినమనలేదు, తనూ కూర్చున్నాడు.

అమెరికాలోనే టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో 1971లో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాలున్న పిల్లలను ఒకే బడుల్లోకి చేర్చినప్పుడు తరగతుల్లో గొడవలు మొదలయ్యాయి. ఎలియట్ అరన్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన విద్యార్థులు ఒక ఉపాయం చేశారు. పిల్లలను ఐదారుగురు చొప్పున కలగలిపి జట్లు చేశారు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. మిగతా ముక్కలు తెలియాలంటే జట్టులోని మిగతావాళ్లు చెప్పింది వినాల్సిందే, వేరే దారి లేదు. నిన్నటిదాకా నోరు విప్పని పిల్లవాడి మాట కోసం మిగతావాళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. అలా వినడంలోనే స్నేహం మొదలైంది.

మన దగ్గర దీనికి ఖర్చేమీ లేదు. పల్నాటి కథనే తీసుకోండి. కారంపూడి ఉత్సవాలు ఐదు రోజులు. ఐదుగురు పిల్లల జట్టులో ఒకరికి రాచగావు, ఒకరికి రాయబారం, ఒకరికి మందపోరు, ఒకరికి కోడిపోరు, ఒకరికి కల్లిపాడు ఇవ్వండి. ఎవరి రోజు సంగతి వాళ్లు ఇంట్లో, ఊళ్లో పెద్దలను అడిగి తెలుసుకుని వచ్చి చెప్పాలి. చివర్లో ఐదు ముక్కలూ కలిపి జట్టంతా ఒకే కథ చెప్పాలి. తండా పిల్ల తెచ్చిన ముక్క లేకుండా ఊరి పిల్లవాడి కథ పూర్తి కాదు.

ఉపాధ్యాయులకు కొన్ని మాటలు

మొదటి వారం పాఠం పక్కన పెట్టి పేర్ల కథలు చెప్పించండి. నీ పేరు ఎవరు పెట్టారు, ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు, నీకు బాగా వచ్చిన పని ఏది అని పిల్లలు జంటలుగా అడిగి తెలుసుకోవాలి. తర్వాత ఎవరి గురించి వారు కాక, తన జంట గురించి తరగతికి చెప్పాలి. ఇంకొకరి గురించి చెప్పాల్సి వస్తే పిల్లలు జాగ్రత్తగా వింటారు.

పిల్లల భాషను తరగతిలోకి రానివ్వండి. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు బంజారా భాషలోనూ పుస్తకాలు తెచ్చారు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతుంది. పుస్తకం లేకపోయినా బోర్డు ఉంది. నీళ్లు, అన్నం, అమ్మ, చెట్టు అనే మాటలను తరగతిలో ఉన్న అన్ని భాషల్లో రాయించండి. ఆ రోజు తెలుగు పిల్లలు తండా పిల్లకు శిష్యులవుతారు. ఒక గంటసేపైనా నేర్పే చోట నిలబడిన పిల్ల మరుసటి రోజు తల ఎత్తుకుని బడికి వస్తుంది.

రాష్ట్రంలో 2003 నుంచి బడిలో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మ పేరు ఇప్పుడు దానికి ఉంది. ఇది మన కాలపు చాపకూడు. కానీ వరసలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి చూడండి. ఎవరి గుంపు వారిదైతే అన్నం ఒకటే అయినా చాపలు వేరే. వారానికొకసారి వరస మార్చండి, మీరూ ఆ వరసలోనే కూర్చోండి.

చేయకూడని పనులూ ఉన్నాయి. స్కాలర్‌షిప్పు కాగితాల కోసం “ఎస్టీలందరూ లేచి నిలబడండి” అనకండి, పేరు పెట్టి విడిగా పిలిచి చెప్పండి. వస్తువు పోతే ముందుగా ఒక్కరి సంచీనే వెతకకండి. పిల్లవాణ్ణి తండా పేరుతోనో కులం పేరుతోనో పిలవకండి, పిలవనివ్వకండి. ఆగస్టు 9న గిరిజన దినోత్సవానికి మన ఆడపిల్లలతో నాట్యం చేయించి మిగతా ఏడాదంతా మర్చిపోకండి.

హాజరు అంటే

పల్నాడులో మిరప కోతల కాలం వస్తే తల్లిదండ్రుల వెంట కొందరు పిల్లలు పొలాలకు వెళతారు. వారాల తరబడి బడికి రారు. తిరిగి వచ్చేసరికి పాఠాలు చాలా ముందుకు వెళ్లిపోతాయి. సిగ్గుపడి ఇక రావడమే మానేస్తారు. హాజరుపట్టీలో ఆ పేరు ఎదురుగా వరసగా గైర్హాజరు పడుతుంది, చివరికి పేరే తీసేస్తారు. అదే ఆ పిల్లకు తరగతిలో ఒక్క నేస్తం ఉంటే సంగతి మారుతుంది. ఇంటికెళ్లి అడిగేవారు ఉంటారు. నోటు పుస్తకం దాచిపెట్టి ఇచ్చేవారు ఉంటారు. తిరిగొచ్చిన రోజు పక్కన చోటు ఉంచేవారు ఉంటారు. తోటి పిల్లలు ఒకరినొకరు తెలుసుకోవడం సరదా కోసం కాదు. మన పిల్లల విషయంలో చదువు నిలబడుతుందా పోతుందా అన్నది చాలాసార్లు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మన తాతల పేర్లు పిలిచిన రోజుల్లో హాజరు అంటే భయం. పలకకపోతే శిక్ష. ఈరోజు మన పిల్లల పేర్లు పిలిచేటప్పుడు హాజరు అంటే “నువ్వొచ్చావా, నీ కోసమే చూస్తున్నాం” అన్న అర్థం రావాలి.

చదువుకున్న గిరిజన యువతీ యువకులారా, ఇందులో మీ వంతు ఉంది. మీ తండాలో, గూడెంలో పెద్దవాళ్లు బతికుండగానే వారి ప్రయాణాలు, పనులు, పాటలు, సెటిల్‌మెంటు జ్ఞాపకాలు రాసి పెట్టండి. వాటిని మీ ఊరి బడికి తీసుకెళ్లి పిల్లలకు చెప్పండి. వీరవిద్యావంతులు చాపకూడు కథను గొంతులో మోసినట్టే మన కథలను మోయాల్సింది మనమే. బడిలో చాప వేయడం ఉపాధ్యాయుడి పని. ఆ చాప మీదికి మన కథను తీసుకెళ్లి, పక్కవాడి కథను చెవిపెట్టి వినడం మన పని.